పసుపు రాసిన బొమిక

సైన్సు మేష్టారు పోయారు. శుక్రవారం మధ్యాహ్నం బందరు నుంచి ఆయన తమ్ముడు రాసిన కార్డు వచ్చింది. నాలుగే వాక్యాలు. ఆఖరిది, "మీ పేరు తరచూ తలుచుకునేవాడు" అని. కార్డు మడిచి చేతిసంచిలో పెట్టుకుని ఎనిమిదో తరగతికి వెళ్లి పాఠం చెప్పాను. పాఠం మానేసి ఇంటికెళ్తే ఆయనకి కోపం వచ్చేది.

నేను చదువుకున్న హైస్కూలు చల్లపల్లి అవతల మా ఊళ్లోది. ఆ బడివాళ్లు ఆయన మీద ఒక సంచిక వేస్తున్నారు, నన్నూ రాయమన్నారు. అడగడానికి వచ్చిన పెద్దమనిషి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "ఆ బొమిక సంగతి మాత్రం వద్దమ్మా. పోయినాయన గురించి నాలుగు మంచి ముక్కలు రాయండి. శాంతమూర్తి, ఎవరి మాటా కాదనేవారు కాదు, అలాగ." నేను సరేననలేదు. ఆ సంగతి వదిలేస్తే నాకు రాయడానికేమీ మిగలదు. వాళ్లు వేస్తే వేస్తారు, లేకపోతే మరోచోట వేయిస్తాను.

ముందుగా చెప్పేస్తున్నాను, ఆయన శాంతమూర్తి కాదు. ముక్కుమీద కోపం. బల్ల తుడిచే గుడ్డ కనబడకపోతే భుజం మీది కండువాతోనే నల్లబల్ల తుడిచేసి, ఆ సుద్దంతా మొహానికి పూసుకుని, మమ్మల్ని కేకలేసేవారు. "పుస్తకంలో ఉందని నమ్మకండి. నేను చెప్పానని అసలే నమ్మకండి. చూసి నమ్మండి" అనేది ఆయన మాట. వినడానికి బాగుంటుంది గానీ, ఆ మాట మీద నిలబడినందుకు ఆయనకి ఊరే లేకుండా పోయింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఎముకల పాఠం వచ్చింది. ఎముక గట్టిగా ఉండేది అందులోని సున్నం వల్ల, పులుపులో నానితే ఆ సున్నం దిగిపోతుంది అని పుస్తకంలో ఉంది. మేం వల్లె వేసేశాం. ఆయన ఊరుకోలేదు. బడిలో ఆసిడ్ సీసా ఉండేది గానీ అది ఇనస్పెక్టరు వచ్చిన రోజు చూపించడానికే, మిగతా రోజులు హెడ్మాష్టారి బీరువాలో తాళంలో ఉండేది.

"ఆసిడ్ లేకపోతే దబ్బకాయలు లేవా? రసం నేను తెస్తాను. రేపు ఎవరైనా ఓ కోడి కాలి బొమిక తీసుకురండి" అన్నారు.

తరగతిలో అందరూ తలలు దించుకున్నారు. కోడి తినే ఇళ్ల పిల్లలు సగం మంది ఉన్నారు. మాది వల పట్టే ఇల్లు. ఇంట్లో ఏం తిన్నామో బడిలో తెలియకూడదని రోజూ రెండుసార్లు నోరు పుక్కిలించి, జామాకు నమిలి మరీ వెళ్లేదాన్ని. నేనూ తలొంచుకునే కూర్చున్నాను. ఇంటికెళ్లి అమ్మకి మాత్రం చెప్పాను.

"బొమికా? సరస్వతుండే చోటికా?" అని అమ్మ కంగారుపడింది. మళ్లీ తనే, "మేష్టారడిగారంటే ఏదో పనుండే ఉంటదిలే" అని, ఉన్న రెండు పెట్టల్లో ఒకదాన్ని కోసింది. బొమికని బూడిదతో తోమి, కుంకుడు రసంతో కడిగి, పసుపు రాసి, కుంకం బొట్టు కూడా పెట్టింది. "బడికెల్లేది గదా, శుబ్బరంగా ఎల్లాలి" అని కొత్తగుడ్డ ముక్కలో చుట్టి ఇచ్చింది.

ఆ మూట విప్పినప్పుడు తరగతంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. చేత్తో తీసుకుని, "మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు" అన్నారు. మా అమ్మని 'గారు' అన్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

పిప్పరమెంట్ల గాజు సీసాలో వాళ్లింటి దబ్బకాయ రసం, మా ఇంటి కోడి బొమిక. ఒక పంక్తిలో ఎన్నడూ కూర్చోని రెండిళ్లు మూడు వారాలు ఒకే సీసాలో ఉన్నాయి. ఆయన వాళ్లమ్మగారికి ఈ సంగతి తెలిసి, రోజూ నూతి దగ్గర స్నానం చేస్తేగాని గడప తొక్కనిచ్చేవారు కాదు. "అమ్మది ఆచారం, నాది పాఠం. రెంటికీ మా నూతిలో నీళ్లు చాలు" అని ఆయన తడిజుట్టుతో నవ్వేవారు. మూడు రోజులకోసారి రసం మార్చేవారు. ఆఖరికి బొమిక తాడులా వంగింది. దాన్ని తరగతిలో అందరి చేతా పట్టించారు. మొదట ముట్టుకోనన్నవాళ్లే తర్వాత నా వంతు, నా వంతు అని ఎగబడ్డారు.

మర్నాడు బడి కమిటీ పెద్దాయన వచ్చారు. వరండాలో కుర్చీ వేయించుకుని తాంబూలం పెట్టె తెరిచారు. నేను కిటికీ పక్కనే ఉన్నాను.

"బడిలో బొమికలేంటండీ మేష్టారూ? గది కడిగించండి. తప్పయిందని కాగితం రాసివ్వండి. ఆ తెచ్చిన పిల్లకి టీసీ ఇచ్చి పంపెయ్యండి."

నా చదువు అయిపోయిందనుకున్నాను. దగ్గర్లో ఇంకో హైస్కూలు లేదు. ఉన్నా మా ఇళ్లలో ఆడపిల్లని అంత దూరం పంపరు.

"ఏమని రాయమంటారండీ? ఎముకలో సున్నం ఉందని చూపించడం తప్పని రాయనా?"

"సున్నం సంగతి కాదండీ, బొమిక సంగతి" అంటూ ఆయన తమలపాకు కోసం వేలితో సున్నం తీశారు.

"మీ వేలిమీదున్న సున్నం ఎలా వచ్చిందండీ? గుల్లలు కాల్చి చేసిందే గదా. నత్తకి ఆ గుల్లే బొమిక. అది రోజుకి పదిసార్లు మీ నోట్లోకి వెళ్లొచ్చు గానీ, ఇది పిల్లల కంటికి కనబడకూడదా?"

పెద్దాయన వేలు అలాగే ఆగిపోయింది. ఆకుకి రాయలేక స్తంభానికి తుడిచేశారు.

"కాగితం రాయను. ఆ అమ్మాయి పేరు కొట్టేస్తే అదే కలంతో నా పేరూ కొట్టెయ్యండి" అని మేష్టారు తరగతిలోకి వచ్చేశారు. సుద్దముక్క తీసుకుని మిగిలిన పాఠం మొదలుపెట్టారు.

పెద్ద పరీక్షలు నెత్తిమీదున్నాయి, అప్పటికప్పుడు ఇంకో సైన్సు మేష్టారు దొరకడు. నా పేరు నిలిచింది. వేసవి సెలవుల్లో ఆయన్ని పెడన వైపుకి మార్పించారు. వెళ్లేరోజు ఆ బొమికని నానబెట్టి, ముడివేసి నా చేతిలో పెట్టారు. "ఆరాక మళ్లీ గట్టిపడుతుంది. ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారమే ఉంటుంది. నువ్వెలా ఆరతావో చూసుకో అమ్మాయ్" అన్నారు.

ఇప్పుడు నేను గుడివాడలో సైన్సు టీచర్ని. ఆ ముడి నా బల్లమీదుంది. కార్డు వచ్చాక సోమవారం నాడు నేనూ నా తరగతిని బొమిక తెమ్మన్నాను. స్టాఫ్ రూములో అప్పుడే గొణుగుడు మొదలైంది. గొణుక్కోనివ్వండి, నేనూ కాగితం రాయను.

మంగళవారం గంట కొట్టకముందే వెనక బెంచీ అమ్మాయొకతె వచ్చి, తల ఎత్తకుండా ఒక చిన్న మూట నా బల్లమీద పెట్టింది. విప్పాను. బొమికకి పసుపు రాసి ఉంది.

"మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు" అన్నాను.

అమ్మాయి తలెత్తింది. బొమికని కడగకుండా అలాగే నేను తెచ్చిన సీసాలో వేసి, అందరికీ కనబడేలా కిటికీలో పెట్టాను. దబ్బకాయ రసంలోకి పసుపు సన్నగా పాకుతోంది.