స్లాబు మీద నిలబడి చెయ్యి ఊపిన శుక్రవారం

ఇప్పుడంటే వింతలు వాటంతటవే మన ఫోన్లోకి నడిచొస్తున్నాయి గానీ, ఆ రోజుల్లో ఇంటర్నెట్లో ఒక వింత చూడాలంటే ఓపికా, కిటికీ పక్కన చోటూ రెండూ ఉండాల్సిందే. నాకు ఆ చోటు దొరికింది. దొరికిన చోట నేనేం వెలగబెట్టానో చెప్పాలంటే ముందు ఈ మధ్య సంగతి ఒకటి చెప్పాలి. ఖతార్‌లోని అల్ సద్‌లో మా ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా తిన్నాక అరగంట ఖాళీ ఉంటుంది. ఆ అరగంటలో నేను నెట్లో పనికిరానివన్నీ వెతుకుతాను (మా ఆవిడ దీన్ని ‘పరిశోధన’ అంటుంది, ఆ మాట పలికే తీరులోనే ఉంది అంతా). రోడ్ల మీద తప్పిపోయిన ఒంటి చెప్పులకు మాత్రమే ఫొటోలు తీసే మనిషి ఒకాయన దొరికాడు. ఏదో కొండ ఊళ్ళో కురిసే వాన చప్పుడును రోజంతా వినిపించే పేజీ ఒకటి దొరికింది. పోయిన వారం దొరికింది మాత్రం నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. ఆకాశం నుంచి తీసిన పటం ఉంటుందే, అందులో ఒక మూల చిన్న గడియారం బొమ్మ ఉంది. దాన్ని నొక్కితే ఆ చోటు పాత ఏళ్ళలో ఎలా ఉండేదో ఒక్కో బొమ్మా చూపిస్తుంది. ఎవరైనా ముందు పుట్టిన ఊరు చూసుకుంటారు. నేను ఇక్కడి ఉత్తరపు కొసన, మదీనత్ అల్ షమాల్ దగ్గర ఒక ఇసుక నేలను వెతుక్కున్నాను.

ఆ ఇసుకలోనే ఒకప్పుడు మా క్యాంప్ ఉండేది. నాకు ఇరవైమూడేళ్ళు, చేతిలో బీకాం పట్టా, భీమవరం నుంచి తెచ్చుకున్న ఒక లాప్‌టాప్. ఉద్యోగం టైమ్‌కీపర్. అంటే పొద్దున బస్సెక్కేవాళ్ళ హాజరు రాసుకోవడం, సాయంత్రం దిగేవాళ్ళ హాజరు రాసుకోవడం, మధ్యలో నేనూ ఉన్నానని అందరికీ గుర్తుచేయడం. మా బ్లాకులో ఉన్నవాళ్ళంతా దాదాపుగా జగిత్యాల, సిరిసిల్ల వైపువాళ్ళు, సైటు పనివాళ్ళు. లాప్‌టాప్ నాదొక్కటే. దానికి గుచ్చే నెట్ పుల్లకు సిగ్నల్ మెస్ హాల్లో, చేతులు కడుక్కునే తొట్టి పక్కనున్న కిటికీ దగ్గర మాత్రమే అందేది. కాబట్టి నేను సాయంత్రాలు సబ్బు వాసనలో కూర్చుని ప్రపంచ జ్ఞానం సంపాదించేవాణ్ణి.

ఒక శుక్రవారం సెలవు పూట అక్కడ కూర్చుని మా ఊరి పటం చూసుకుంటుంటే, చేతులు కడుక్కోవడానికి వచ్చిన ఒక పెద్దాయన వెనక నిలబడి, “గిదేంది సారూ?” అన్నాడు. “మా ఊరండీ, పైనుంచి” అన్నాను. ఆయన తడి చేతుల్తోనే కాసేపు చూసి, “మా ఊరు గిట్ల కనవడతదా?” అని అడిగాడు. అంతే. మరుసటి శుక్రవారానికి కిటికీ దగ్గర వరస కట్టారు. బొమ్మ ఒకేసారి వచ్చేది కాదు, గళ్ళు గళ్ళుగా తెరుచుకునేది. ఒక్కో గడి తెరుచుకున్నప్పుడల్లా “అగో రైస్ మిల్లు”, “అగో నీళ్ళ ట్యాంకు”, “అగో మా బర్లకొట్టం” అంటూ వెనక నుంచి వేళ్ళు వచ్చి తెర మీద పడేవి. ఆ పెద్దాయన తమ ఊరి హనుమాండ్ల గుడి రాబోతోందని తెలిసి చెప్పులు విప్పేశాడు. ఆయన్ను చూసి వరసంతా విప్పింది. నాకు టీలు వచ్చేవి, బిస్కట్లు వచ్చేవి, ‘నెట్టు సారు’ అనే బిరుదు వచ్చింది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, ఆ చెట్టు నేనే. ఎవరో, “సారూ, ఇది గిప్పుడున్నదేనా?” అని అడిగారు. నిజానికి నాకు తెలియదు. తెలియదు అనే మాటకు టీ రాదు. “శాటిలైట్ పైన తిరుగుతూనే ఉంటుంది కదా, ఎప్పటికప్పుడు తీస్తూనే ఉంటుంది” అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, నేనూ నమ్మేశాను.

మా బ్లాకులో సెంట్రింగ్ బావ అని ఒకాయన ఉండేవాడు. ఆయన బామ్మర్ది మా క్యాంప్‌లోనే కొన్నాళ్ళు ఉండి ‘బావా’ అని పిలిచి ఊరికి వెళ్ళిపోయాడు, పిలుపు మాత్రం అందరి నోటా మిగిలిపోయింది. స్లాబులు పోయడానికి ముందు చెక్కలు, పలకలు బిగించడం ఆయన పని. వారానికి ఆరు రోజులు ఎవరెవరివో స్లాబులు నిలబెట్టేవాడు. సొంత స్లాబు మాత్రం చూడలేదు. ఆయన ఈసారి వచ్చాకే ఊళ్ళో ఇల్లు మొదలైంది, దగ్గరుండి కట్టిస్తున్నది ఆయన భార్య. వాళ్ళింట్లో ఉన్నది బటన్ ఫోన్, ఫొటో వచ్చే దారి లేదు. అందుకని బావ రోజూ ఫోన్లోనే ఇల్లు చూసుకునేవాడు. ఇటుక ఎన్ని వరసలు లేచింది, కిటికీ మీద సజ్జ సక్కగున్నదా, మేస్త్రి గోడ నిలువుకు గుండు కట్టి చూసిండా లేదా అని. ఆమె ఓపిగ్గా చెప్పేది. స్లాబు పోసి పన్నెండు రోజులైందనీ, అది గట్టిపడటానికి పైన మడులు కట్టి నీళ్ళు నిలిపామనీ చెప్పిన వారమే బావ నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

వచ్చినవాడు ఊరికే చూసిపోతే ఈ కథ ఉండేది కాదు. “సారూ, ఎప్పటికప్పుడు తీస్తదంటివి గద, ఆమెను స్లాబెక్కుమంట. చెయ్యి ఊపుమంట. చూస్త” అన్నాడు. ఆ ఆలోచన మొత్తం వరసకే నచ్చింది. నాకూ నచ్చింది, అదే నా ఖర్మ. మాకు పొద్దున పది గంటలు, అంటే అక్కడ పన్నెండున్నర, నడినెత్తి మీద ఎండ. ఆ లెక్క ఇరవైమందిలో ఒక్కడికీ తట్టలేదు. బావ ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

“ఏమే, స్లాబెక్కు. నెట్టు సారు మన ఇల్లు చూపెడుతుండు.”

“దుబాయిల కూసోని మా ఇల్లెట్ల చూస్తడు?”

“కతర్ అని ఎన్నిసార్లు చెప్పాలె. ఎక్కు ముందు.”

నిచ్చెన చప్పుడైంది. తర్వాత నీళ్ళలో అడుగులు పడ్డ చప్పుడు. “ఎక్కిన. నీళ్ళల్ల నిలవడ్డ. చెయ్యి ఊపుతున్న. కనవడ్తున్ననా?” గళ్ళు తెరుచుకుంటున్నాయి. మసక మసకగా ఏదో నల్ల చుక్క కనిపించింది. “అదిగో, కనపడుతున్నారు” అన్నాను నేను. అందరూ ముందుకు వంగారు. బావ ముఖం ఆ ఒక్క నిమిషం ఎలా వెలిగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆఖరి గడి కూడా తెరుచుకుని బొమ్మ తేటపడింది. నల్ల చుక్క తుమ్మచెట్టు. పక్కన వాళ్ళ చుట్టాల పెంకుటిల్లు ఉంది, బోరింగు ఉంది, రెండిటి మధ్యా ఉండాల్సిన బావ ఇల్లు లేదు. ఎర్రమట్టి జాగా, అంతే.

“ఊపుతనే ఉన్న. కనవడ్తున్ననా లేదా?” అంటోంది ఆమె.

వెనక నుంచి ఎవడో నెమ్మదిగా, “బావా, ఇల్లు మాఫీ” అన్నాడు. మా సైట్లో సిమెంటు అయిపోయినా, కూర అయిపోయినా వాడే మాటే అది, అరబ్బీలో ‘లేదు’ అని. బావ నా వైపు తిరిగాడు. అప్పుడైనా నేను నోరు మూసుకుని ఉండాల్సింది. “శాటిలైట్ అబద్ధం చెప్పదు బావా” అన్నాను. ఆయన ఫోన్ కట్ చేసి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారం బావ ఇంటికి ఫోన్ చేయలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. రోజూ ఇటుక వరసలు లెక్కపెట్టి చెప్పిన గొంతు, లేని ఇంటి గురించి చెప్పిందని నమ్మేశాడు. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేవాడు. ఎన్నడూ తప్పని సుత్తి బొటనవేలు మీద పడింది. గురువారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, “ఖలాస్ సారూ, నేను పోత. లెటర్ రాయి” అన్నాడు. కాంట్రాక్టు మధ్యలో వదిలి వెళితే మళ్ళీ రానివ్వరు, ఇల్లంటూ ఉంటే అది సగంలోనే ఉండిపోతుంది. ఇది ఇద్దరికీ తెలుసు. ఇక ఆ కాపురం సంగతి తలుచుకోవడానికే నాకు భయమేసింది. సెలవు ఫారాలు నింపడం నా డ్యూటీ. కారణం అనే గడి దగ్గర కలం ఆగింది. “ఏం రాయమంటారు?” అన్నాను.

“ఇల్లు కనవడ్తలేదని రాయి” అన్నాడు.

రాయలేదు. ఫారం పట్టుకుని సాయంత్రం కిటికీ దగ్గర కూర్చున్నాను. చేసిన పాపానికి ఏం చేయాలో తోచక, చేతులు ఊరుకోక పటం తెరిచి, మదీనత్ అల్ షమాల్ పట్టుకుని, మా బస్సు రోజూ వెళ్ళే రోడ్డు వెంట వేలు జరుపుకుంటూ క్యాంప్ దాకా వచ్చాను. క్యాంప్ లేదు. మూడుసార్లు చూశాను. ఉప్పు నేల, ఒక టైరు జాడ, ఇసుక. మూడు వందల మంది తిని, పడుకుని, పోట్లాడుకునే చోటు బొమ్మలో ఖాళీ. ఆ బొమ్మ ఎప్పటిదో, మేమింకా ఇళ్ళల్లో ఉన్నప్పటిది.

ఫారం చించేసి, ఆయన మనసు మార్చుకున్నాడని అందరికీ చెప్పుకుంటే నా పరువు దక్కేది. ఆ ఆలోచన రాలేదని చెప్పను, తొట్టి దగ్గర రెండుసార్లు చేతులు కడుక్కునేంత సేపు వచ్చింది. తర్వాత వెళ్ళి బావను పిలుచుకొచ్చాను.

“ఇది మన క్యాంప్ బావా.”

“యాడ?”

“ఇదే. ఈ ఇసుక.”

ఆయన తెర చూశాడు. పైకప్పు చూశాడు. తొట్టి చూశాడు. గోడ మీద చెయ్యి వేసి చూశాడు. “మరి మనం యాడున్నం సారూ?” అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ఆయనకు అర్థమైంది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. “ఎన్నడు తీసిన్రు దీన్ని?” అన్నాడు.

“నాకు తెలియదు బావా” అన్నాను. ఆ క్యాంప్‌లో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున అందరి ముందూ ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. “ఏమే, స్లాబెట్లున్నది?” అన్నాడు, గొంతు సర్దుకుని. అటు నుంచి ఆమె, “ఉన్నదో లేదో మీ సార్నడుగు” అంది. మావాళ్ళెవరో ఊళ్ళో ఉన్న బామ్మర్దికి చెప్పగా, ఈ సంగతి ఆమెకు అప్పటికే చేరిపోయింది. బావ తప్పైందన్నాడు. ఇసుక సంగతి చెప్పాడు. అంతా విని ఆమె, “ఫోన్ కట్టయిందని, మల్ల వస్తదని, అర్ధగంట చెయ్యెత్తుకొనే నిలవడ్డ. ఊరంత చూసి నవ్విండ్రు. గా సారును ఒక్కసారి ఎండల నిలవెట్టు, తెలుస్తది” అంది. ఆ మాటతో నవ్వు ఆపుకోవాలనుకున్న ఇరవైమందీ నా వైపు చూశారు.

నిలబడ్డాను. క్యాంప్ వాకిట్లో, ఖతార్ ఎండలో, కుడి చెయ్యి పైకెత్తి. బావ పక్కన నీడలో కూర్చుని ఫోన్లో ఆమెకు, “ఊపుతుండు... ఎడమ చేతికి మారుస్తుండు, మార్చొద్దని చెప్పనా?” అంటూ వార్తలు చదివాడు. ఎంతసేపో గుర్తులేదు, చివరికి ఆమె నవ్విన చప్పుడు స్పీకర్లో వినిపించాక బావ “యల్లా సారూ, నీడకు రా” అన్నాడు. ఆ రోజు నుంచి నెట్టు సారు పోయి ‘మాఫీ సారు’ మిగిలాడు. టీలు మాత్రం ఆగలేదు.

ఇదంతా గుర్తొచ్చే పోయిన వారం ఆ గడియారం బొమ్మ నొక్కాను. ముందు ఇసుక. తర్వాత ఒక ఏడాది బొమ్మలో తెల్లటి రేకుల కప్పులు, మా మెస్ హాలు, మధ్యలో వాకిలి. దాని తర్వాత మళ్ళీ ఇసుక. క్యాంప్ ఎత్తేసి చాలా కాలమైంది. ఆ ఒక్క బొమ్మనే పెద్దది చేసి వాకిట్లో చెయ్యెత్తిన కుర్రాడెవడైనా ఉన్నాడేమోనని వెతికాను. ఉండడని తెలుసు, ఉన్నా కనపడడని ఇంకా బాగా తెలుసు. అయినా భోజనం టైమంతా దానికే పోయింది.

తర్వాత బావ ఊరికి వెళ్ళాను, పటంలోనే. బోరింగు పక్కన ఇల్లుంది. డాబా మీద ఎర్రటి మరక ఉంది, మిరపకాయలు ఎండబోసినట్టున్నారు. బావ ఖతార్ వదిలి ఊళ్ళో స్థిరపడి నాలుగేళ్ళు దాటింది. ఫోన్ చేసి, “బావా, మీ ఇల్లు కనపడుతోంది” అన్నాను. ఆయన, “డాబా ఎక్కాల్నా సారూ?” అన్నాడు. మెట్లెక్కుతున్న చప్పుడు. కింద నుంచి ఆమె గొంతు, “గింత ఎండల యాడికి?” అని. “సారు చూస్తడట.” “ఆయనకింకా బుద్ధి రాలేదా?”

“ఎక్కిన సారూ. చెయ్యి ఊపుతున్న. కనవడ్తున్ననా?”

తెర మీద మిరపకాయలు ఉన్నాయి, నీళ్ళ ట్యాంకు ఉంది, మనిషి లేడు. బొమ్మ ఎప్పటిదో నాకు తెలియదు. “కనపడుతున్నారు బావా” అన్నాను. ఆనాడు తెలియక అన్న మాటే ఈసారి తెలిసి అన్నాను. కొంచెం ఒళ్ళు చేశారని కూడా చెప్పాను.