ఎనిమిదిన్నర

మా బడిలో బ్యూరెట్ ఒకటే ఉండేది. కొలతలున్న ఆ పొడుగాటి గాజు గొట్టానికున్న నల్లా ఎప్పుడూ కారుతుండేది. అందుకని ఆమ్లానికి ఎంత క్షారం పడుతుందో కొలిచే ప్రయోగాన్ని చేయించకుండానే రికార్డు రాయించేదాన్ని. బోర్డు మీద పది మిల్లీలీటర్లని రాస్తే నలభై పుస్తకాల్లోనూ పదే వచ్చేది. జహీరాబాద్‌లో నేనూ అట్లాగే చదువుకుని సైన్స్ టీచర్‌నయ్యాను.

పోయినేడు హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు బడిపిల్లలను ఒకరోజు కెమిస్ట్రీ ల్యాబ్‌కు పిలిచారు. కొలత సరిగ్గా తీసినవాళ్లకు ఎండాకాలం సెలవుల్లో వారం రోజులు అక్కడే పని నేర్పుతామన్నారు. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చే మా అమ్మాయొకతె ఆ వారం కోసం నెల రోజులు నా ప్రాణం తీసింది. "టీచర్, నాకొస్తదంటరా?"

ల్యాబ్‌లో వాళ్లు ఒక్కసారి చేసి చూపించారంతే, దాని పని చూస్తే ముచ్చటేసింది. చుక్కచుక్కగా వదులుతూ, ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలవగానే ఠక్కున ఆపింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఎనిమిదిన్నర. నేను బోర్డు మీద రాసేదేమో ఎప్పుడూ పదే. వెనక నుంచి వంగి, "పది రావాలె బిడ్డా, దిద్దు" అన్నాను.

"మల్ల చేసినా గంతే వస్తున్నది టీచర్."

"చెప్పింది రాయి."

రబ్బరుతో చెరిపేసి పది రాసింది.

కాగితాలు చూసిన ప్రొఫెసర్ మేడమ్ దాని దగ్గర ఆగింది. ఒక్కో బల్లకు ఒక్కో గాఢత ఉన్న ఆమ్లం ఇచ్చారట. "నీకు ఎనిమిదిన్నర రావాలమ్మా. పది ఎట్లా వచ్చింది?"

అమ్మాయి ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. "నేనే తప్పు జూసిన మేడమ్."

దానికి సరిగ్గానే వచ్చింది, నేనే దిద్దించానని ఒక్క మాట అంటే సరిపోయేది. నా పరువు అడ్డొచ్చింది. ఆ వారం వేరే ఊరి పిల్లకు దక్కింది. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తిరుగు బస్సులో మా అమ్మాయి నా పక్కకొచ్చి కూర్చుంది. "టీచర్, ఇగ రికార్డుల ఏది రాయాలె? నాకొచ్చిందా, మీరు చెప్పిందా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "ఏదో ఒకటి రాయి, జర కన్ను మూయనీ" అని కసిరాను.

సోమవారం రికార్డు తెచ్చింది. చక్కటి చేతిరాతతో పది అని రాసి ఉంది. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, సంతకం చేసి ఇచ్చాను.