ఎడమకాలి కింద టమాటాలు

బ్రహ్మచారికి పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. పేరు విని నవ్వేవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉంటారు, ఆయనకు అలవాటైపోయింది. లాలాగూడలో వడ్రంగి పని ఆయనది. తిరుమలగిరి దాకా ఎవరింట్లో తలుపు బిగుసుకుపోయినా ఫోన్ ఆయనకే వస్తుంది. పనికి వెళ్లేది పాత బుల్లెట్ మీద. ఆ కాలపు బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఈ కాలం కుర్రాళ్లు దాన్నెక్కితే బిక్కమొహం వేస్తారని ఆయనకు లోపల కాస్త గర్వం.

ఆ గర్వానికి తుంటి అడ్డం పడింది. ఎముక అరిగిందన్నాడు డాక్టర్. కాలెత్తి సీటు దాటించడానికి ముందు గోడ పట్టుకునేవాడు, తర్వాత అరుగు మీద నిలబడి ఎక్కేవాడు. ఒకరోజు బండితో సహా పక్కకు ఒరిగిపోయాడు. దెబ్బ పెద్దదేం కాదు గాని, కూతురు అనుపమ కంట పడ్డాడు.

"ఇగ బండి బంద్ నాయినా. ఆటోల పో," అంది.

ఆ మాట తుంటి కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. అనుకున్నప్పుడు లేచి అనుకున్నచోటికి పోవడమే ఆయనకు బతుకు. రెండు రోజులు అన్నం కెలికి వదిలేశాడు. చివరికి మెకానిక్ అక్బర్ ఉపాయం చెప్పాడు: కాలెత్తే పని లేకుండా, ముందున్న ఖాళీలోంచి కాలు జరిపి కూర్చునే పెద్ద స్కూటర్. అనుపమ ఒప్పుకుంది గాని ఒక మెలిక పెట్టింది.

"అమ్మ ఎనక కూసుంటది. అమ్మ సరే అంటేనే ఒక్కనివి నడుపు."

అట్లా బ్రహ్మచారి జుట్టు భార్య శారదమ్మ చేతికి చిక్కింది.

దసరా పొద్దున కొత్త బండి పూజకని ఇద్దరూ నిమ్మకాయలు తేబోయారు. వెడల్పాటి సీటు మీద శారదమ్మకు హాయిగానే ఉంది. బుల్లెట్ వెనక ఇన్నేళ్లూ ఒక అంచున వేలాడిన మనిషి మరి. తిరిగొచ్చేటప్పుడు ముందు ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రహ్మచారి ఎడమకాలు తన పని తాను చేసింది, బలంగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు, నిమ్మకాయల సంచి ఉంది. చేతి బ్రేకు గుర్తొచ్చి నొక్కేసరికి ముందు చక్రం ఆటోను ముద్దుపెట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. బ్రహ్మచారి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

ఇంటి ముందు అనుపమ సంచి విప్పి చూసింది. "నిమ్మకాయలు గిట్లెందుకైనయే?"

ఆయన తల దించుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు.

"మీ నాయిన తొక్కిండు," అంది శారదమ్మ దాచకుండా. "బండి మంచిగనే ఉంది. కాలుకే ఇంకా తెల్వలె. జెర టైమియ్యి."

మర్నాటి నుంచి రైల్వే కాలనీ ఖాళీ రోడ్డు మీద అభ్యాసం షురూ అయింది. ఆయన ఎడమకాలి దగ్గర శారదమ్మ ఒక సంచి పెట్టింది. నిండా టమాటాలు.

"ఏందిది?"

"తొక్కితే పచ్చడే తింటవ్."

అన్నంత పనీ చేసింది. ఎక్కడైనా "ఆపు" అని వెనక నుంచి అరిచేది, కాలు సంచి మీద పడేది, మధ్యాహ్నం కంచంలో టమాటా పచ్చడి వచ్చేది. మర్నాడూ పచ్చడే. పక్కింటి దేవమ్మకూ ఒక గిన్నె వెళ్లింది. కారానికి కళ్లు తుడుచుకుంటూ తిన్నాడే గాని బ్రహ్మచారి ఎదురుచెప్పలేదు. ఆమె సంచి పెడుతోందంటే ఇంకా ఆశ వదులుకోలేదన్నమాటే.

కార్తీకం వచ్చింది. ఆ రోజు మలుపులో ఒక కుక్క నిజంగానే అడ్డం వచ్చింది. ఆయన ఎడమకాలు లేచింది, గాల్లోనే ఆగింది, మెల్లగా సంచి పక్కన దిగింది. చేతులు రెండూ బ్రేకులు పట్టేశాయి. బండి చక్కగా నిలబడింది. కుక్క తన దారిన పోయింది. వెనక నుంచి శారదమ్మ వంగి సంచి వంక చూసింది.

మధ్యాహ్నం ఆయన కంచం ముందు కూర్చుని, ఏమంటుందోనని ఆమె మొహం వంకే చూస్తున్నాడు. శారదమ్మ గరిటెతో కూర వడ్డించింది. టమాటా కూర. ముక్కలు ముక్కలుగా ఉంది.

"ఇయ్యాల కోసుకునే టమాటాలు దొరికినయి," అంది. "తిని ఒక్కనివే తిరుమలగిరికి పోయిరా. ఆడ ఎవరిదో తలుపు బిగుసుకపోయిందంట, పొద్దటిసంది ఫోన్ చేస్తుండు."