నేను సగంలో ఆపిన పీష్వాల కథ

శనివారం పొద్దున ఏడింటికి అడిలైడ్‌లో బస్సెక్కాను. మాసన్ లేక్స్ శివారులోని మా ఆఫీసులో వైటూకే కంప్యూటర్ల పని నెత్తిమీదున్నప్పుడు సోమవారం కూడా సెలవు దొరకడం గగనమే. అయినా మెల్‌బోర్న్ మరాఠీ సంఘం ఉపన్యాసం ఇవ్వమని పిలిస్తే ఆగలేకపోయాను. మరాఠా రాజుల ప్రధానమంత్రి పదవి, అదే పీష్వా పదవి, ఒకే ఇంట్లో వారసత్వంగా ఎలా సాగిందన్నది నా పాత పిచ్చి.

పక్క సీటు తెల్ల పెద్దాయన నా కాగితాల్లో బొమ్మలు చూసి, "మీ రాజులా?" అన్నాడు.

"కాదు, రాజుల మంత్రులు."

"మరి రాజులేం చేసేవారు?"

"సాతారా కోటలో కూర్చునేవారు."

ఆయన పగలబడి నవ్వాడు.

సాయంత్రం ఆరింటికి దిగాను. నాకు బస, సంఘం అధ్యక్షుడు దేశ్‌పాండే అంకుల్ ఇంట్లో. హైదరాబాద్ కాచిగూడ మరాఠీ కుటుంబం, తెలుగు ధారాళంగా మాట్లాడతారు. వేడివేడి శనగపిండి పిఠ్లా, చపాతీ పెట్టి, "రేపు నీ స్పీచ్ అయినంక కొత్త ప్రెసిడెంట్ ఎలక్షన్ ఉన్నది బేటా" అన్నారు.

ఆదివారం పదింటికి హాల్లో కుర్చీలు వేస్తున్న సునీత కనిపించింది. ఆమెదీ కాచిగూడే. ఆరేళ్లుగా పిల్లలకు మరాఠీ నేర్పుతోంది. అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నది తనొక్కతే.

పదకొండింటికి ఇంగ్లీషులో మొదలుపెట్టాను. పీష్వాగా ఉన్న తండ్రి పోతే, దర్బారు పెద్దలు వద్దన్నా, రాజు ఇరవయ్యేళ్ల కొడుక్కి పీష్వా పదవీ వస్త్రాలిచ్చాడనీ, అతను ఓటమెరుగని వీరుడయ్యాడనీ చెప్పాను. అంతలో అంకుల్ చెవిలో, "ఇగ చాలు బేటా, పూరీలు సల్లారుతయి" అన్నారు. ఆపేశాను.

ఆయన మైకు అందుకుని మరాఠీలో చెప్పి, నావైపు తిరిగి తెలుగులోనూ అన్నారు. "విన్నరుగా! తండ్రి పని కొడుకు చేస్తేనే రాజ్యం నిలిచింది" అంటూ కొడుకు నిఖిల్ భుజాలమీద అధ్యక్షుడి శాలువా కప్పారు. మరాఠీలో నాలుగు మాటలు రాని నిఖిల్ "థ్యాంక్స్, గైస్" అన్నాడు. జనం చప్పట్లు కొట్టి భోజనాలకు లేచారు. ఎన్నిక ఊసే లేదు.

అసలు కథ మిగిలే ఉంది. తర్వాత్తర్వాత నలభై రోజుల పసిగుడ్డుకూ ఆ వస్త్రాలే ఇచ్చారు. చివరి పీష్వా ఇంగ్లీషువాళ్లకు రాజ్యం అప్పగించి పింఛను పుచ్చుకున్నాడు. చెబుదామని లేచాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టవుతుందని కూర్చున్నాను.

సోమవారం ఎనిమిదింటి బస్సుకు సునీతే కారులో దింపింది.

"మా తాత గా కథలన్నీ చెప్పేటోడు అన్నా. పసిపోరని సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంది?"

బస్సెక్కి కూర్చున్నాను. రోజంతా ప్రయాణం, దారి పొడుగునా గోధుమ పొలాలు, ఒక్కటీ సరిగా చూడలేదు. పీష్వా పదవి ఒకే ఇంట్లో ఎలా ఉండిపోయిందని ఇన్నేళ్లూ పుస్తకాల్లో వెతికాను. అన్నీ తెలిసి నోరు మూసుకున్న నాలాంటి చదువుకున్నవాళ్లు ఆ దర్బారులో ఎంతమంది ఉండేవారో ఏ పుస్తకంలోనూ వెతకలేదు.