జర కంపెనీ ఇయ్యున్రి

రాజమండ్రిలో నేను పనిచేసిన కంపెనీ మూతపడ్డాక, ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్లాను. బషీర్‌బాగ్‌లో ఇంటర్వ్యూ అయింది గానీ పని కాలేదు. తిరుగు రైలుకు ఇంకా టైముందని నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాను.

ముక్కూమొహం తెలియని పెద్దాయన ఒకడు వచ్చి నా బల్ల దగ్గరే కూర్చుని బన్ మస్కా చెప్పాడు. అది రాగానే రెండుగా తుంచి, వెన్న ఎక్కువున్న ముక్క నా ముందు పెట్టాడు.

"వద్దండీ," అన్నాను.

"ఒక్కణ్ణే తినబుద్ధి గాదు. జర కంపెనీ ఇయ్యున్రి."

తిన్నాను. ఆయన నా పేరు కూడా అడగలేదు.

రొట్టె కలిసి తినేవాళ్లన్న అర్థంలోంచే కంపెనీ అనే మాట పుట్టిందని తర్వాతెప్పుడో చదివాను. మా కంపెనీలో అన్నేళ్లూ ఎవరి క్యారేజీ వాళ్లం విప్పుకుని, ఎవరి సీట్లో వాళ్లం తిన్నాం.