నీళ్ళ కింద నమ్మని మాట

నిన్న వికారాబాద్ బస్టాండులో తాండూరు బస్సు కోసం కూర్చుంటే, పక్కనున్న ఇద్దరు పెద్దమనుషులు, జలాంతర్గాములకు కబుర్లు పంపడానికి ఇక్కడి అడవిలో పొడుగాటి స్తంభాలు లేస్తున్నాయని, సముద్రమెక్కడ, మన గుట్టలెక్కడ అని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. నీళ్ళ కింద కూర్చుని అలాంటి కబుర్లు అందుకునే వైర్‌లెస్ ఆపరేటరుగానే నా ఉద్యోగమంతా గడిచింది.

టెలిగ్రాం అంటే చావు కబురేననుకున్న మన తరానికి చెబితే అర్థమవుతుంది. లోతున ఉన్నప్పుడు మేము వినగలం గానీ మాట్లాడలేం. ఉపగ్రహంతో మాట్లాడాలంటే పైకి వచ్చి యాంటెన్నా నీటి మీదకు ఎత్తాలి, ఎత్తితే ఉనికి బయటపడుతుంది, కాబట్టి ఇంటి సంగతి అడగడానికి అది కలలో కూడా కుదరదు. అధికారుల ఆదేశాల మధ్య ఇళ్ళ నుంచి రెండేసి ముక్కల కబుర్లు వచ్చేవి. మంచిదైతే అందరి ముందూ చదివి మిఠాయి చేసేవాళ్ళం. చెడ్డదైతే ఒడ్డు చేరేదాకా ఆపరేటరూ కమాండరూ కడుపులో దాచుకోవాలి. తండ్రి పోయిన మా వంటాయన కళ్ళలోకి చూస్తూ, రెండు వారాలు ఆయన చేతి రొట్టెలు తింటూ, ఏమీ రాలేదని చెప్పిన పాపిష్టివాణ్ణి నేనే.

ఆ తరువాతి ప్రయాణంలో తాండూరులో నా భార్యకు కాన్పు రోజులు. డాక్టరు చెప్పిన రోజు దాటింది, వారం దాటింది, కబురు లేదు. నాతో పనిచేసే మలయాళీ ఆపరేటరు ఏమీ రాలేదని ఒట్టు వేశాడు, కమాండరు స్వయంగా పిలిచి చెప్పాడు, అయినా నేను ఎలా నమ్మను? జాలిపడి అతను నా డ్యూటీ కూడా చేస్తే, వంటాయన నెయ్యి కాస్త ఎక్కువ వేస్తే, అవే నాకు సాక్ష్యాలయ్యాయి. పరదా వెనక పడుకుని నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాను. చివరికి యాలాల్‌లోని మా చెలకలో ఆమెను ఏ గట్టున పూడ్చిపెట్టి ఉంటారో కూడా అనుకున్నాను.

ఒడ్డు చేరగానే ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి, మా ఇంటి పక్క నాపరాళ్ళ దుకాణానికి ఫోను చేసి అమ్మను పిలిపించాను. ఆమె తాపీగా, "తొట్టెల ఎయ్యకముందే ఎట్ల చెప్తంర, దిష్టి తగులదా? బిడ్డ పుట్టింది, ఇద్దరు మంచిగున్నరు" అంది. ఇరవై ఒకటో రోజు దాకా ఎవరినీ కబురు పంపనివ్వలేదట. సెలవులో ఇంటికి వెళ్ళి అంతా చెబితే నా భార్య, "గంత జల్ది నన్ను సంపుకున్నవా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు ఓడల మీది వాళ్ళకు ఉపగ్రహాల పుణ్యమా అని ఇంట్లో పిల్లల మొహాలు తెరమీదే కనిపిస్తాయట. మన చేతుల్లోనూ అదే ఉంది. పోయిన ఏడు నా భార్య హైదరాబాద్ ఆసుపత్రిలో ఉండగా బట్టల కోసం నేను తాండూరు వస్తే, దగ్గరున్న మా బిడ్డ వీడియోలో కనిపించి, "అమ్మ మంచిగనే ఉంది నాయినా, ఆగమాగం గాకు, తిని రా" అంది. మొహం కనిపిస్తోంది కదా, నమ్మాను. అన్నం తిని, నింపాదిగా బస్సెక్కాను. బిడ్డ ఆ మాట చెప్పేటప్పటికే వాళ్ళమ్మ పోయి గంటయిందట.