వంకాయ కూర వడ్డించిన గొంతు

దయ్యాల కబుర్లు మొదలుపెట్టిన పిల్లల్ని అక్కడికక్కడే నోరు మూయించే సైన్సు టీచరును నేను. ఇది చదివి నా స్టూడెంట్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న రాజురా. పక్కింటి మరాఠీ ఆవిడను కాకూ అని పిలిచేవాళ్లం. ముప్పై ఏళ్ల స్నేహం అమ్మకూ ఆమెకూ. కాకూ వడ్డిస్తుంటే అమ్మ "చాలు" అనేది. మరాఠీలో "చాలూ" అంటే ఇంకా నడుస్తోందని. మన మాటకు అర్థం కాకూకు బాగా తెలుసు. అయినా ప్రతిసారీ "చాలూ? మగ్ ఘే!" అనేది. అయితే తీసుకో అని. అని, ఇంకో గరిటె వేసి పకపకా నవ్వేది.

పోయిన వేసవిలో కాకూ చనిపోయింది. అమ్మకు తిండి మీద ధ్యాస పోయింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది. మూడు నెలల్లో జాకెట్లన్నీ వదులైపోయాయి. తిట్టాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. అమ్మ కూడా వెళ్లిపోతుందేమోనని భయం పట్టుకుంది నాకు.

అప్పుడే నా పాత స్టూడెంట్లు కొందరు వచ్చారు. ఇరుగుపొరుగు, వంటల మీద చిన్న సినిమా తీస్తున్నారట. అమ్మనే నటించమన్నారు. పక్కింటామె వేషానికి చంద్రపూర్ నుంచి ఒకావిడను తెచ్చారు. ఆవిడకు మా కాకూ గురించి ఏమీ తెలియదు.

పట్టపగలు, మా వరండాలో మాటల్లేని సీను. ఆవిడ వంకాయ కూర వేసింది. అమ్మ అలవాటుగా "చాలు" అనేసింది. మరుక్షణం కాకూ ఇంటి గోడవైపు తిరిగి ఫక్కున నవ్వి, కంచం ముందుకు జరిపింది. మూడు జొన్నరొట్టెలు తింది! మేం నోరెళ్లబెట్టి చూశాం. అమ్మ అన్న ఆ ఒక్క మాట తప్ప మాకెవరికీ ఏమీ వినిపించలేదు.

"ఏందమ్మా, ఎందుకు నవ్వినవ్?" అని అడిగాను.

"మీ కాకూ ఊకుంటదా? ఇంకో గరిటె వెయ్యకుంటే ఆమెకు నిద్ర పట్టది" అంది.

పెద్దతనం, ఏదో భ్రమ అనుకున్నాను.

వారం తర్వాత సౌండు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. ఆ సీన్లో మాట్లాడిందెవరని. వెళ్లి విన్నాను. అమ్మ గొంతు, వెంటనే ఇంకో ఆడగొంతు, "చాలూ? మగ్ ఘే!" ఆపైన నవ్వు. తెర మీద నటి పెదవులు మూసుకునే ఉన్నాయి. కాకూ ఇంటికి ఆ రోజు తాళం.

పుణె నుంచి వచ్చిన కాకూ కొడుక్కి ముందుగా ఏమీ చెప్పకుండా వినిపించాను. "ఆయీ" అని ఏడ్చేశాడు. అమ్మా అని.

ఆ గొంతు ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. తెలుసుకోవాలన్న పంతం కూడా పోయింది. ఈ పొద్దున అమ్మ వంటింటి గడపలో నిలబడి, "జల్ది పెట్టు బిడ్డా, ఆకలైతుంది" అంది. ఎన్నాళ్లకు విన్నాను తల్లీ ఆ మాట! గబగబా పొయ్యి వెలిగించాను.